వాసన లేని గాలి

ఇంట్లో గాలి శుభ్రంగా ఉండాలని మనిషి పక్కటెముక విరగ్గొట్టడం పెద్దులు తన నలభై ఏళ్ళ బతుకులో మొదటిసారి చూశాడు. కొట్టినవాడు ఫోర్‌మన్ నర్సింగ్. దెబ్బలు తిన్నవాడు గంగాప్రసాద్, పెద్దులు భార్య శాంతవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. అతను చేసిన నేరమల్లా పనంతా అయిపోయిన కొత్తింటి హాల్లో నాలుగు నిప్పుల మీద పిడికెడు లుబాన్, అంటే ఒమాన్ సాంబ్రాణి, వేసి పొగ పట్టడం.

కొత్తింటికి ధూపం వెయ్యకుండా ఎవరైనా తాళం వేస్తారా? జగిత్యాల వైపు ఏ మేస్త్రీ ఒప్పుకోడు. ఒమాన్ వాళ్ళదీ అదే తీరు, పొద్దుగూకితే ఇంటింటా లుబాన్ వాసనే. కానీ అల్ హైల్‌లో సముద్రం దిక్కున లేచిన ఆ విల్లా అందరి ఇళ్ళలాంటిది కాదు. అందులో దిగబోయే తెల్లదొర కూతురికి ఉబ్బసం. వాళ్ళ దేశంలో మంచి గాలి ఉన్న ఇళ్ళకు ఇచ్చే సర్టిఫికెట్ ఒకటుందట, అది ఈ ఇంటికీ ఉంటే తప్ప పిల్లను తీసుకురానని దొర భీష్మించుకున్నాడు. దానికి షరతులు పేజీల కొద్దీ. రంగులు వాసన రాకూడదు. తలుపుల జిగురు ఘాటు ఉండకూడదు. సందుల్లోంచి దుమ్ము దూరకూడదు. వంటింటి పొగ బయటికి పోయిందంటే మళ్ళీ లోపలికి చూడకూడదు. రంగులయ్యాక పద్నాలుగు రోజులు కిటికీలన్నీ బార్లా తెరిచి ఫ్యాన్లు తిప్పాలి. ఆ తర్వాత అన్నీ మూసేసి, డాబా మీది మిషన్ ఒక్కటే బయటి గాలిని వడగట్టి లోపలికి పంపుతుండగా మీటర్ పెట్టి చూస్తారు. ఆ మీటర్ మోసుకొచ్చే ముసలి తెల్ల ఇంజనీరుకు కూలీలు గాలి సాబ్ అని పేరు పెట్టుకున్నారు.

పద్నాలుగో రోజు బుధవారం. గాలి సాబ్ వచ్చి హాల్లో మీటర్ తెరిచేసరికి అంకెలు ఎగిరి కూర్చున్నాయి. ఆయన మూలన ఉన్న నిప్పుల మూకుడు చూశాడు, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు తల ఊపాడు. శనివారం మూడింటికి మళ్ళీ వస్తాననీ, అప్పుడూ ఇలాగే ఉంటే కాగితం మాట మరిచిపొమ్మనీ చెప్పి వెళ్ళిపోయాడు.

కారు గేటు దాటేదాకా నర్సింగ్ ముఖాన నవ్వు చెరగలేదు. దాటగానే గోడ ప్లాస్టరింగ్‌కు వాడే ఆరడుగుల అల్యూమినియం పట్టీ అందుకున్నాడు.

"ధూపం ఏసిందెవడు?"

"నేనే నర్సింగన్నా. కొత్తిల్లు గద, మంచి జరుగాల్నని..."

మొదటి దెబ్బ మెడ మీద పడింది. గంగాప్రసాద్ చేతులు అడ్డం పెట్టుకుంటే రెండోది మోచేతుల మీద, మూడోది వీపు మీద. పట్టీ వంగిపోయింది. దాన్ని అవతల విసిరేసి నర్సింగ్ కాళ్ళకు పని చెప్పాడు. సైటు బూట్ల ముందు ఇనుప రేకు ఉంటుంది, కాలి వేళ్ళు నలగకుండా. ఆ ఇనుముతో పక్కలో మూడుసార్లు తన్నాడు. మూడో తన్నుకు లోపల ఏదో పటుక్కుమంది. అది హాల్లో ఉన్న అందరికీ వినిపించింది.

"ఆ కంపెనీ ఓనర్ అర్బాబ్ నా గొంతు మీద కూసున్నడు. నువ్వేమో పూజలు చేస్తవా లంజకొడుకా!"

పెద్దులు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. కిటికీ సందులకు జిగురు పూసే సిలికాన్ గన్ చేతిలోనే ఉండిపోయింది. బావాబామ్మర్దులిద్దరికీ వీసాలు ఇప్పించినవాడు నర్సింగే. పక్క ఊరివాడు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి, ఫోర్‌మన్ ఒక్క మాటంటే చాలు, విమానం ఎక్కించి పంపేస్తారు. అదంతా నిజమే. కానీ పెద్దులు కదలకపోవడానికి అసలు కారణం భయం. భయానికి ఎన్ని పేర్లు పెట్టినా అది భయమే. జగిత్యాల బస్‌స్టాండులో శాంతవ్వ తమ్ముడి చేయి తెచ్చి ఇతని చేతిలో పెట్టి, "నీ ఎంబడి పంపుతున్న, నీ ఎంబడే తోలుకరావాలె" అన్న మాట ఆ క్షణాన గుర్తుకొచ్చింది. అయినా కాలు కదల్లేదు.

ఆస్పత్రికి తీసుకుపోతామంటే నర్సింగ్ ఒప్పుకోలేదు. ఎట్లా తగిలిందని డాక్టర్ అడుగుతాడు, పోలీసులొస్తారు, శనివారం పరీక్ష ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్ వజీర్ సీబ్ బజారు దాకా పోయి నొప్పి మాత్రలు తెచ్చిచ్చాడు. వజీర్‌ది కడప. ఇంట్లో దక్కనీ, బయట కడప తెలుగు, నర్సింగ్‌తో మాత్రం మాటలే ఉండవు.

గంగాప్రసాద్‌కు పడుకుంటే నొప్పి, లేస్తే నొప్పి, అన్నిటికన్నా దగ్గితే ప్రాణం పోయేంత నొప్పి. దగ్గేమో రాకుండా ఉండదు. అవి దుమ్ము గాలుల రోజులు. కూలీల రూమ్ విల్లాకు వెనుక, సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టిన ప్లైవుడ్ డబ్బా. కిటికీ చుట్టూ వేలు దూరేంత సందులు. గాలి వీచినప్పుడల్లా సన్నటి ఇసుక మంచాల మీదికి, అన్నం గిన్నెల్లోకి, ముక్కుల్లోకి వచ్చి పడేది. ఇసుక వస్తే దగ్గు, దగ్గితే విరిగిన ఎముక లోపల గుచ్చేది. గంగాప్రసాద్ దిండు పళ్ళతో కరిచి పట్టుకుని దగ్గేవాడు, కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారేవి.

"బావా, ఇంక దగ్గస్తే నేను సస్త" అన్నాడు గురువారం పొద్దున.

"నోరు ముయ్‌రా. రేపు సుట్టి ఉన్నది గద, నీ దగ్గు సంగతి జూస్త" అన్నాడు పెద్దులు.

పెద్దులు పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. అతను సందులు మూసేవాడు. విల్లాలో నలభై కిటికీలకు, పదకొండు తలుపులకు సిలికాన్ పూసి, రబ్బరు పట్టీలు అతికించి, దోమ కాలు కూడా దూరకుండా చేసింది అతనే. గాలి సాబ్ ఒకరోజు ముఖద్వారంలో పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంట్లో గాలి బయటికి లాగిస్తూ, చేతిలో పొగపుల్ల పట్టుకుని కిటికీ కిటికీకి తిరిగాడు. సందు ఉంటే పొగ వంగుతుంది. పెద్దులు కిటికీల దగ్గర పొగ నిటారుగా నిలబడింది. సాబ్ అతని భుజం తట్టి "వెరీ గుడ్" అన్నాడు. ఒమాన్‌లో ఆరేళ్ళ చాకిరీలో పెద్దులుతో అంత మాట అన్నవాడు ఇంకొకడు లేడు. ఆ రెండు మాటలు అతని తలలోకి బాగా ఎక్కాయి. సందులు మూస్తే ఇంటికి మంచి గాలి వస్తుందని అర్థం చేసుకున్నాడు. డాబా మీద రాత్రింబగళ్ళు తిరిగే మిషన్ సంగతి అతనికి పట్టలేదు. అది వజీర్ పని, కరెంటు పని.

శుక్రవారం వజీర్ నమాజుకూ, మిగతావాళ్ళు బజారుకూ పోయారు. పెద్దులు విల్లాలో మిగిలిన సిలికాన్ గొట్టాలు నాలుగు తెచ్చాడు. రూమ్ కిటికీ చుట్టూ, గోడ పలకల అతుకుల వెంట, పైకప్పు మూలల్లో, పాత ఏసీ తీసేసిన కంతకు చెక్క బిగించి దాని చుట్టూ, అన్నిచోట్లా పూశాడు. పూసిన చోటల్లా సబ్బు నీళ్ళలో తడిపిన బొటనవేలితో మెత్తగా నిమిరాడు. తలుపుకు నాలుగు వైపులా పట్టీ అంటించాడు. మింగ మెతుకు లేదు కానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, కాలు పెడితే కిర్రుమనే ఆ డబ్బాకు దొర విల్లా పనితనం చేశాడు. నేల చెక్కల మధ్య సందులు మాత్రం వదిలేశాడు. ఇసుక పై నుంచి వస్తుంది కానీ కింది నుంచి రాదు కదా.

సాయంత్రం గాలి దుమారం లేచింది. లోపలికి ఒక్క రేణువు రాలేదు. గంగాప్రసాద్ రెండు రోజుల తర్వాత దగ్గకుండా నిద్రపోయాడు. పొద్దున లేచి నవ్వాడు కూడా.

"బావా, రూమ్ కాదిది, దొర బంగ్లా. నాకింక సర్టిఫికెట్ ఇయ్యుమను."

"ఇయ్యాల పండుకో. డ్యూటీకి నేను చెప్త" అని పెద్దులు తలుపు దగ్గరగా లాగి పోయాడు. పట్టీ మెత్తగా చప్పుడు లేకుండా పట్టుకుంది. ఆ పట్టు చూసి అతనికి సంతోషం కలిగింది.

ఆ శనివారం ఏడు గంటలకు నర్సింగ్ సైటంతా చిందులు తొక్కుతున్నాడు. విల్లాకు ఇంకా సర్కారు కరెంటు రాలేదు, పనంతా పెట్రోల్ జనరేటర్ మీదే. దాని పొగ డాబా మీది మిషన్ జాలీలోకి పోతోందని గాలి సాబ్ ముందే చెప్పి ఉన్నాడు.

"జనరేటర్ను రూమ్ ఎనుకకు గుంజుండ్రి. అటు దిక్కు నుంచి మిషన్ మీదికి పొగ రాదు" అన్నాడు నర్సింగ్.

"రూమ్ల గంగాప్రసాద్ పండుకున్నడన్నా" అన్నాడు పెద్దులు.

"పండుకుంటే ఏమైతది? కిటికీలు బంద్ ఉన్నయి గద."

పెద్దులుకు ఆ మాట నిజమనిపించింది. ఔను, కిటికీలు బందే ఉన్నాయి. తానే బంద్ చేశాడు, పొగ ఎట్లా దూరుతుంది? మరో ముగ్గురితో కలిసి చక్రాల జనరేటర్‌ను తానూ భుజం పెట్టి తోశాడు. దాని పొగ గొట్టం సరిగ్గా రూమ్ అడుగున, దిమ్మెల మధ్య ఖాళీలోకి తిరిగి ఉంది. నర్సింగ్ హ్యాండిల్ తిప్పాడు. జనరేటర్ దడదడమని మొదలైంది.

పదకొండు గంటల వేళ పెద్దులు విల్లా వంటింట్లో అద్దాలు తుడుస్తున్నాడు. వజీర్ స్టూలెక్కి గోడకు అరచేయంత తెల్ల డబ్బా బిగిస్తున్నాడు.

"ఇదేంది వజీర్ భాయ్? గడియారమా?"

"కాదన్నా. సర్టిఫికెట్టుకు ఇది కూడా కావాల్నంట. ఇంజన్ల నుంచీ, బొగ్గుల నుంచీ ఒక చెడ్డగాలి వస్తాది. దానికి వాసనుండదు, రంగుండదు. పొగ అయితే దగ్గి లేసిపోతాడు మనిషి. దీనికి దగ్గు కూడా రాదు. నిద్రలో నిద్రలోనే పోతాడు. అది వస్తానే ఈ డబ్బా కూతలు పెడతాది."

పెద్దులు చేతిలో గుడ్డ ఆగింది. "కిటికీలు మూసి ఉంటే రాదు గద?"

"వచ్చేదానికి యాడో ఒక సందు చాలన్నా. పోయేదానికి దారి ల్యాకపోతేనే మనిషి చచ్చేది. అందుకే గదా పైన మిషన్ పెట్టింది..." వజీర్ మాట మధ్యలో ఆపాడు. కిటికీలోంచి జనరేటర్ లేని పాత చోటు కనిపించింది. "అర్రే, జనరేటర్ యాడికి బోయింది?"

పెద్దులు అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఇసుకలో చెప్పులు ఊడిపోయాయి. తలుపు లాగితే రాలేదు, పట్టీ అంత గట్టిగా పట్టుకుంది. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. లోపల పొగ లేదు, పెద్దగా వాసన లేదు, దుమ్ము లేదు. గంగాప్రసాద్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా, నలుగు పెట్టిన పెండ్లికొడుకు ముఖంలాగా ఉంది. అంత ఆరోగ్యంగా అతన్ని పెద్దులు ఎప్పుడూ చూడలేదు.

"గంగా! లే బామ్మర్దీ! లేరా!"

చెంపల మీద కొట్టాడు. భుజాలు పట్టి ఊపాడు. నీళ్ళ కుండ ఎత్తి ముఖాన పోశాడు. వజీర్ వచ్చి జనరేటర్ ఆపి, ఇద్దరూ కలిసి ఇసుకలోకి ఈడ్చుకొచ్చారు. వజీర్ నోట్లో నోరు పెట్టి ఊదాడు. పెద్దులు ఛాతీ మీద అరచేతులతో నొక్కాడు, విరిగిన ఎముక కింద కదులుతుంటే కూడా నొక్కాడు. చాలాసేపటికి వజీర్ వెనక్కి కూలబడి ముఖం తుడుచుకున్నాడు. అతను పోయినవాడి కోసం కలిమా చదువుతుంటే పెద్దులు ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.

జనరేటర్ ఎవడు ఆపాడని తిట్టుకుంటూ నర్సింగ్ వచ్చాడు. చూశాడు. ముఖం పాలిపోయింది. కానీ అది ఒక్క నిమిషమే. వాచీ చూసుకున్నాడు.

"గుండె ఆగినట్టుంది. జరమచ్చి సచ్చిండని చెప్పుండ్రి. ఇప్పుడైతే లోపల పండుకోబెట్టి తాళమెయ్యుండ్రి. మూడింటికి గాలి సాబ్ అచ్చి పోయినంక పోలీసులకు నేనే ఫోన్ చేస్త."

"పాడుగాను! మనిషివేనా నువ్వు?" అన్నాడు వజీర్.

"నీకేం తెల్వదు, పోయి వైర్లు జూసుకో. పోయినోడు ఎట్లనో పోయిండు. ఉన్నోళ్ళ నోట్ల మన్ను వడాల్నా?"

వజీర్ అతని ముఖాన ఉమ్మేసి, ఫోన్ వెతుక్కుంటూ రోడ్డు దిక్కు పరుగెత్తాడు. నర్సింగ్ ఇద్దరు కూలీలను బెదిరించి శవాన్ని మళ్ళీ లోపలికి ఎత్తించాడు. పెద్దులు ఇసుకలో అట్లాగే కూర్చుని ఉన్నాడు. బామ్మర్ది కాళ్ళు గడప మీదుగా లోపలికి పోతుంటే చూస్తూనే ఉన్నాడు. అతనికి ఏ మాటా అర్థం కావడం లేదు.

అప్పుడు నర్సింగ్ వంగి జనరేటర్ హ్యాండిల్ తిప్పాడు. విల్లాలో మిషన్ తిరగాలి కదా, మూడింటికి గాలి శుభ్రంగా ఉండాలి కదా. ఆ దడదడ చప్పుడు చెవిన పడగానే పెద్దులు లేచాడు.

నేరుగా విల్లా వంటింట్లోకి పోయి, గోడకున్న తెల్ల డబ్బాను స్క్రూలతో సహా పీకాడు. బ్యాటరీ డబ్బా అది, కరెంటుతో పని లేదు. తిరిగొచ్చి, తాళం చెవి తిప్పబోతున్న నర్సింగ్ జుట్టు వెనుక నుంచి పట్టి, నుదురు తలుపు చట్రానికి వేసి కొట్టాడు. రక్తం చిమ్మింది. నర్సింగ్ బలమైనవాడు, వెనక్కి తిరిగి మోచేత్తో పొడిచాడు, పెద్దులు ముక్కు పగిలింది. పెద్దులు వదల్లేదు. మొన్న నాలుగడుగుల దూరంలో నిలబడి ఇవ్వని దెబ్బలన్నీ ఇప్పుడు ఇచ్చాడు. డొక్కలో గుద్దాడు, దవడ మీద గుద్దాడు, రెండు పళ్ళు ఊడి ఇసుకలో పడ్డాయి. కాలర్ పట్టి రూమ్‌లోకి ఈడ్చి తలుపు లాగాడు. గడియ పెట్టి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మిగతా కూలీలు తలుపు బాదుతున్నారు, జనరేటర్ ఆపాలని ఎవరికీ తోచలేదు.

"ఇప్పుడు పీల్చు. మంచి గాలి. సర్టిఫికెట్ ఇస్తరు, పీల్చు!"

చేతిలో డబ్బా కూయడం మొదలుపెట్టింది. చెవులు చిల్లులు పడే కూత. అదే డబ్బా ఏడు గంటలకు ఈ గోడకు ఉండి ఉంటే గంగాప్రసాద్ తిట్టుకుంటూ లేచి బయటికి పోయేవాడు. కానీ అది దొర బిడ్డకు తెచ్చింది.

నర్సింగ్ అతని మీదికి దూకాడు. ఇద్దరూ కింద పడి, మంచం కోళ్ళకు తగులుతూ దొర్లారు. నర్సింగ్ అతని ముంజేయి ఎముక దాకా కొరికాడు. పెద్దులు డబ్బా అంచుతో అతని చెవి మీద కొట్టాడు. మంచం ఒరిగి గంగాప్రసాద్ చేయి జారి ఇద్దరి మధ్యా వేలాడింది. అది తగలగానే నర్సింగ్ కెవ్వుమని అరిచి వెనక్కి పాకాడు.

"నన్ను ఇడిసిపెట్టు పెద్దులూ! నీ కాల్మొక్త! నా పిల్లలు సిన్నోళ్ళు!"

"మా శాంత తమ్ముడు సిన్నోడు గాదా?"

కొంతసేపటికి పెద్దులు తలలో సుత్తితో కొడుతున్నట్టు మొదలైంది. తనూ ఇక్కడే పోతానని తెలిసింది, పోతే పోనీ అనిపించింది. శాంతవ్వ ముఖం చూసే పని తప్పుతుంది. నర్సింగ్ కిటికీ దగ్గరికి పాకి, రెండు చేతులతో చట్రం పట్టి లాగాడు. గోళ్ళు విరిగాయి. కిటికీ వెంట్రుకవాసి కదల్లేదు.

"ఎవడు... ఎవడు మూసిండ్రా దీన్ని!" అని ఏడ్చాడు నర్సింగ్. "ఏ లంజకొడుకు మూసిండు!"

పెద్దులు చూశాడు. బయటి ఎండ అద్దంలోంచి పడుతోంది. చట్రం చుట్టూ తెల్లటి సిలికాన్ గీత, ఎక్కడా తెగకుండా, తన బొటనవేలు నిమిరిన జాడతో మెరుస్తోంది. దాని మీద నర్సింగ్ గోళ్ళ రక్తం. ఈ కిటికీ ఎప్పటిలాగే ఉండి ఉంటే ఇసుక వచ్చేది. దగ్గు వచ్చేది. గంగాప్రసాద్ నొప్పితో దిండు కొరుక్కుంటూ బతికి ఉండేవాడు.

పెద్దులు తూలుతూ కిటికీ దగ్గరికి పోయి, కూస్తున్న డబ్బా పట్టుకున్న పిడికిలితో అద్దం గుద్దాడు. మొదటి గుద్దుకు బీటలిచ్చింది, రెండో గుద్దుకు మోచేతి దాకా బయటికి పోయింది. మోచేయి చీరుకుపోయింది. ఆ బొక్కలోంచి ఇసుక గాలి రివ్వున ముఖాన కొట్టింది. నర్సింగ్ ఆ బొక్క దగ్గరికి నోరు తెచ్చాడు. పెద్దులు కూడా తెచ్చాడు. ఇందాక ఒకరి ప్రాణం ఒకరు తీయబోయినవాళ్ళు చెంపకు చెంప ఆనించి, ఒకే కంతలోంచి గాలి మింగుతూ నిలబడ్డారు. వజీర్ గునపంతో తలుపు పగలగొట్టి లోపలికి వచ్చేసరికి ఇద్దరూ వాంతులు చేసుకుంటున్నారు.

మూడింటికి గాలి సాబ్ రానే వచ్చాడు. పోలీసు జీపు, అంబులెన్సు కూడా అప్పటికే వచ్చి ఉన్నాయి. జనరేటర్ ఎప్పుడో ఆపేశారు. ఆయన తన మీటర్ తీసుకుని విల్లా దిక్కు పోలేదు. రూమ్ గడప దగ్గర వంగి మీటర్ పెట్టి, అంకెలు చూసి, కిటికీ చుట్టూ ఉన్న పనితనం చూశాడు. ఇది ఎవరు చేశారో ఆయనకు తెలిసినట్టే ఉంది. పోలీసుల మధ్య నిలబడ్డ పెద్దులు వంక ఒకసారి చూసి మీటర్ మూసుకున్నాడు. విల్లాకు సర్టిఫికెట్ మరో పది రోజులకు వచ్చిందని తర్వాత తెలిసింది.

నర్సింగ్ పోలీసుల ముందు పెద్దులు మీద ఫిర్యాదు చెయ్యలేదు. చేస్తే పక్కటెముక సంగతి, శవానికి తాళం వెయ్యబోయిన సంగతి బయటికి వస్తాయి. కాలుజారి పడ్డానన్నాడు. అయినా పోలీసులు ఇద్దరినీ మూడు రోజులు చెరొక గదిలో ఉంచారు. నాలుగో రోజు పెద్దులును వదిలితే, చేతికి కట్టుతో వజీర్ వెంట ఫోన్ దుకాణానికి పోయాడు. ఊళ్ళో ఎస్టీడీ బూత్ వాడికి చేసి, శాంతవ్వను పిలిపించమని, పావుగంట ఆగి మళ్ళీ చేశాడు.

వార్త ముందే చేరింది. సైటులో కూలీ ఒకడు తన ఇంటికి ఫోన్ చేసి, నర్సింగ్ మన గంగాప్రసాద్‌ను చంపాడని చెప్పేశాడు. ఫోన్ శాంతవ్వే ఎత్తింది. వెనుక మగవాళ్ళ అరుపులు, ట్రాక్టర్ ఇంజన్ చప్పుడు వినిపిస్తున్నాయి.

"ఏమయ్యా, నర్సింగే సంపిండట గద? మా పెద్దబాపు కొడుకులు గొడ్డండ్లు వట్టుకొని ట్రాక్టర్ల కూసున్నరు. ఆని ఇంటి మీదికి పోతరట. ఆని పెండ్లాం కవిత, ఇద్దరు పిల్లలు ఇంట్లనే ఉన్నరట. నేను పొమ్మంటే పోతరు. నా తమ్ముడు, నా మాట ఇంటరు. నువ్వు చెప్పు. ఆడే సంపిండా?"

ఊ అంటే చాలు. ఒక్క అక్షరం. అబద్ధం కూడా కాదది, ముప్పాతిక నిజం. మిగిలిన పాతిక పెద్దులుకు, వజీర్‌కు, గాలి సాబ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. శాంతవ్వ జీవితాంతం నర్సింగ్‌ను తిట్టుకుంటుంది, మొగుడితో కాపురం చేసుకుంటుంది. పెద్దులు రిసీవర్ రెండు చేతులతో పట్టుకున్నాడు. కుట్లు వేసిన చేయి సలుపుతోంది.

"తన్ని పక్కబొక్క ఇరగ్గొట్టింది ఆడే. జనరేటర్ రూమ్ ఎనుక పెట్టుమన్నది ఆడే. దాన్ని నూకినోళ్ళల్ల నేనున్న" అన్నాడు. "కిటికీలు నేను మూసిన శాంతా."

"ఏం కిటికీలు?"

"రూమ్ కిటికీలు. ఒక్క సందు లేకుంట మూసిన. ఆ పాడు గాలి పోయే తొవ్వ లేకుంట చేసిన. అందుకే సచ్చిండు."

అవతల ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. వజీర్ పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎందుకు మూసినవయ్యా?"

"దుమ్మస్తే దగ్గుతడని. దగ్గితే బొక్క నొస్తదని."

శాంతవ్వ గొంతు దూరంగా, ఇంకెవరితోనో అంటున్నట్టు వినిపించింది.

"బంద్ చెయ్యుండ్రి. ఆ ఇంజన్ బంద్ చెయ్యుండ్రి. దిగుండ్రి అందరు."

ట్రాక్టర్ ఆగింది. ఆ తర్వాత ఆమె ఏడుపు మొదలైంది, దానికి అడ్డంగా ఇంకే చప్పుడూ లేదు. పెద్దులు ఫోన్ పెట్టకుండా, చివరి దాకా విన్నాడు.